ఓఎస్ఐ ముద్ర లేకపోతే ‘ఓపెన్ సోర్స్’ అనకూడదా? అనొద్దనే హక్కు ఎవరిది?

తోకచుక్క (చర్చ మొదలుపెట్టినవారు)

నాలుగేళ్లుగా ఒక చిన్న లైబ్రరీ రాస్తున్నాను. సెన్సర్ల డేటాను కుదించి పంపడం దాని పని. మొదట జీపీఎల్ 2 లైసెన్స్ కింద పెట్టాను, అంటే దీన్ని కలిపి పంచేవాళ్లు సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలి. పోయిన ఏడాది ఒక పరికరాల కంపెనీ దాన్ని తన ఫర్మ్‌వేర్‌లో (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్‌లో) కలిపి అమ్ముతోందని తెలిసింది. సోర్స్ ఇవ్వమని మూడు మెయిళ్లు పెట్టాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఒళ్లు మండి కొత్త వెర్షన్‌కి లైసెన్స్ మార్చేశాను. మాటలన్నీ దాదాపు షరతుల్లేని ఎంఐటీ లైసెన్స్‌వే, చివర మాత్రం నా వాక్యం ఒకటి: పెద్ద కంపెనీలు నా రాతపూర్వక అనుమతి లేకుండా వాడకూడదు.

ఇప్పుడు ఎవరో వచ్చి, “దీనికి ఓఎస్ఐ (ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్, లైసెన్స్‌లకు ఆమోదం ఇచ్చే సంస్థ) ఆమోదం లేదు, ఇది ఓపెన్ సోర్స్ కాదు, రీడ్‌మీ (పరిచయ పత్రం)లోంచి ఆ మాట తీసెయ్యండి” అని నా ప్రాజెక్ట్ పేజీలో ఇష్యూ (ఫిర్యాదు) తెరిచారు. కోడ్ అందరికీ కనిపిస్తూనే ఉంది కదా! ఓఎస్ఐ ఏమన్నా ప్రభుత్వమా? కోడ్ ఎత్తుకెళ్లినవాణ్ణి అడిగే దిక్కు లేదు, నా రీడ్‌మీలో మాట మీద మాత్రం పహరా.

పాత_కంపైలర్

కనిపించడం వేరు, వాడుకునే స్వేచ్ఛ వేరండి. షాపు అద్దంలోంచి సరుకు కూడా కనిపిస్తుంది.

ఆ నిర్వచనం ఓఎస్ఐ గాల్లోంచి తెచ్చింది కాదు. 1997లో డెబియన్ (ఒక లినక్స్ పంపిణీ) వాళ్లు తమ పంపిణీలో ఏ సాఫ్ట్‌వేర్‌ని చేర్చుకోవచ్చో తేల్చుకోవడానికి మార్గదర్శకాలు రాసుకున్నారు. మరుసటి ఏడాది ఓఎస్ఐ పుట్టినప్పుడు అవే కొద్ది మార్పులతో ఓపెన్ సోర్స్ నిర్వచనం అయ్యాయి. అందులో ఐదోది వ్యక్తుల మీద, సమూహాల మీద వివక్ష చూపకూడదని. ఆరోది వాడే రంగం మీద వివక్ష చూపకూడదని, వ్యాపారం కూడా అందులోకే వస్తుంది. మీ చివరి వాక్యం ఈ రెంటినీ ఒకేసారి తన్నేసింది. మీ లైసెన్స్ మీ ఇష్టం, కాదనేవాళ్లు లేరు. పేరు మాత్రం వేరేది పెట్టుకోండి.

షరతులు_వర్తిస్తాయి

లైసెన్స్ వ్యవహారాలు చూడటమే నా ఉద్యోగం కాబట్టి రెండు మాటలు. ఇది న్యాయసలహా కాదు.

ఓఎస్ఐకి చట్టం ఇచ్చిన అధికారం ఏమీ లేదు, అది నిజమే. ‘ఓపెన్ సోర్స్’ అన్న మాటకు ట్రేడ్‌మార్క్ కోసం వాళ్లు మొదట్లో ప్రయత్నించారు కానీ దొరకలేదు. అది మరీ వర్ణనగా ఉండే మాట. కాబట్టి ఓఎస్ఐ మీ మీద కేసు వెయ్యదు.

అంతమాత్రాన ఆ మాటకు కోర్టులో విలువ లేదనుకోకండి. నియో4జే కేసు చూడండి. ఆ డేటాబేస్‌ని ఏజీపీఎల్‌కి (జీపీఎల్ కుటుంబంలోదే) ‘కామన్స్ క్లాజ్’ అనే వ్యాపార నిషేధం తగిలించి విడుదల చేశారు. వేరేవాళ్లు ఆ క్లాజ్ పీకేసి, తమది పూర్తిగా ఫ్రీ, ఓపెన్ సోర్స్ అని ప్రచారం చేసుకున్నారు. అది తప్పుడు ప్రచారమని కింది కోర్టు ఆపమంది. 2022లో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ ఆదేశాన్ని ఖాయం చేసింది. అంటే ‘ఓపెన్ సోర్స్’ అని చెప్పుకోవడం కూడా నిజమో అబద్ధమో తేల్చదగ్గ ప్రకటనే. కాకపోతే అక్కడ కేసు వేసింది పోటీదారు.

నిశాచరి

ఆమోదం, నిర్వచనం అంటూ దాన్నో శాస్త్రంలా చెప్తారేంటి? 2018లో మాంగోడీబీ డేటాబేస్ వాళ్లు తమ ఎస్ఎస్‌పీఎల్ లైసెన్స్‌ని ఓఎస్ఐ ఆమోదానికి పంపారు. సర్వీసుగా అమ్మేవాడు ఆ సర్వీసు నడిపే కోడ్ మొత్తం బయటపెట్టాలని దాని షరతు. చర్చ ఎంత వేడెక్కిందంటే 2019 మార్చిలో వాళ్లే వెనక్కి తీసుకున్నారు. 2012లో క్రియేటివ్ కామన్స్ వాళ్ల సీసీ0 పరిస్థితీ అదే. హక్కులన్నీ వదులుకుంటానన్న పత్రం అది! పేటెంట్లు ఇందులోకి రావని ఒక్క ముక్క ఉన్నందుకు అభ్యంతరాలొచ్చి దాన్నీ ఉపసంహరించుకున్నారు. 2020లో క్రిప్టోగ్రాఫిక్ అటానమీ లైసెన్స్‌కి మాత్రం ఓకే అన్నారు. అది ఆమోదం వైపు వెళ్తోందని నిర్వచనం రాసిన బ్రూస్ పెరెన్స్ స్వయంగా ఓఎస్ఐ నుంచి తప్పుకున్నారు. రాసినాయనకే నచ్చని ముద్ర తోకచుక్క గారికి ఎందుకట?

పాత_కంపైలర్

ఒక లైసెన్స్ విషయంలో పెద్దవాళ్లు కొట్టుకున్నారంటే ప్రక్రియ బహిరంగంగా జరిగిందని అర్థం. ఆ ముద్ర ఎందుకంటే, కంపెనీల్లో లీగల్ వాళ్లు ప్రతి లైసెన్స్ కూర్చుని చదవరు. ఆమోదం పొందిన జాబితాలో ఉందా లేదా అని చూస్తారు. ‘పెద్ద కంపెనీ’ అంటే ఎంత పెద్దది? ఉద్యోగులను లెక్కపెట్టాలా, ఆదాయాన్నా? మీ వాక్యంలో అది కూడా లేదు. చిన్నవాళ్లు కూడా భయపడి ముట్టుకోరు.

తోకచుక్క

సరే, పేరు సంగతి పక్కన పెడదాం. ఆ కంపెనీ సంగతేంటి? అది వాడుతున్నది పాత జీపీఎల్ వెర్షనే. ఫ్రీగా ఇచ్చిన దానికి కోర్టులో ఏం నష్టం చూపించాలి?

షరతులు_వర్తిస్తాయి

సరిగ్గా ఈ ప్రశ్నే జాకబ్సన్, కాట్జర్ కేసులో తేలింది. బొమ్మ రైళ్లను కంప్యూటర్‌తో నడిపే సాఫ్ట్‌వేర్ అది, ఆర్టిస్టిక్ లైసెన్స్ కింద ఉండేది. అవతలివాళ్లు రచయితల పేర్లు, కాపీరైట్ నోటీసులు లేకుండా ఫైళ్లు వాడుకున్నారు. కింది కోర్టు ఇది మహా అయితే ఒప్పందం తప్పడమే అని ఇంజంక్షన్ (వాడకం ఆపమనే ఆదేశం) ఇవ్వలేదు. 2008 ఆగస్టులో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు దాన్ని తిరగేసింది. లైసెన్స్‌లో ఉన్నవి షరతులు, షరతు పాటిస్తేనే అనుమతి, పాటించకపోతే అది కాపీరైట్ ఉల్లంఘనే అంది. డబ్బు తీసుకోలేదు కాబట్టి రచయితకు పోయిందేమీ లేదన్న వాదన కూడా నిలబడలేదు. పేరు రావడం, మెరుగుదలలు తిరిగి రావడం కూడా ఆర్థిక ప్రయోజనాలేనని కోర్టు గుర్తించింది.

మీ జీపీఎల్ 2లో నాలుగో సెక్షన్ ఇంకా గట్టిది. షరతు తప్పిన క్షణంలోనే హక్కు పోతుంది, నోటీసు కూడా అక్కర్లేదు. జీపీఎల్ 3 కాస్త మెత్తబడింది. మొదటిసారి తప్పు చేసినవాడు నోటీసు అందిన 30 రోజుల్లో సరిదిద్దుకుంటే హక్కు తిరిగొస్తుంది.

అసలు చిక్కు రుజువు దగ్గరే. లినక్స్ కెర్నల్ డెవలపర్ క్రిస్టఫ్ హెల్విగ్ వీఎంవేర్ కంపెనీ మీద జర్మనీలోని హాంబర్గ్‌లో వేసిన కేసు 2016లో కొట్టేశారు, 2019లో అప్పీలూ పోయింది. జీపీఎల్ చెల్లుతుందా లేదా అన్నదాకా వెళ్లనేలేదు. ఏ లైన్లు ఆయనవో, అవి ఆ ఉత్పత్తిలో ఎక్కడున్నాయో కోర్టు అడిగినంత వివరంగా చూపలేకపోయారు. మీ కమిట్ చరిత్ర (ఎవరు ఏ మార్పు ఎప్పుడు చేశారో చూపే లాగ్) భద్రంగా ఉంచుకోండి.

నిశాచరి

ఇంకేం, నోటీసు పంపండి బ్రో. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధేస్తుంది.

మెర్జ్_కాన్‌ఫ్లిక్ట్

తొందరపడకండి. నెట్‌ఫిల్టర్ (లినక్స్ కెర్నల్‌లో ఫైర్‌వాల్ భాగం) పాత డెవలపర్ ఒకాయన జర్మనీలో కంపెనీల మీద వరసగా పడి డబ్బులు వసూలు చేస్తున్నారన్న గొడవలో, ఆయన్ను సొంత జట్టే 2016లో సస్పెండ్ చేసింది. తర్వాత ఏడాది కెర్నల్ డెవలపర్లు చాలామంది, ‘జీపీఎల్ 3లో ఉన్న గడువు మా కోడ్‌కీ వర్తిస్తుంది’ అని ప్రకటన ఇచ్చారు. అలాగని ఒత్తిడి వద్దనడం లేదు. 2003లో లింక్‌సిస్ రూటర్ కోడ్ బయటికి వచ్చింది ఒత్తిడితోనే, దానిమీదే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రూటర్ సాఫ్ట్‌వేర్ మొదలైంది.

ఇంకో దారి కూడా తెరుచుకుంటోంది. సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ అనే సంస్థ 2021లో టీవీల కంపెనీ విజియో మీద కేసు వేసింది కోడ్ రాసినవాళ్లుగా కాదు, టీవీ కొన్నవాళ్లుగా. సోర్స్ అడిగే హక్కు కొనుగోలుదారుకూ ఉందని వాదన. ఇది కాపీరైట్ విషయం, ఫెడరల్ కోర్టుకే వెళ్లాలని విజియో పట్టుబట్టింది. 2022లో ఫెడరల్ జడ్జి దాన్ని కాలిఫోర్నియా కోర్టుకే తిప్పి పంపారు.

సరే, ఇంతకీ మీ రిపాజిటరీ లాగ్ చూశాను తోకచుక్క గారూ. అందులో మీవి కాని పేర్లు ఏడు ఉన్నాయి. లైసెన్స్ మార్చేటప్పుడు వాళ్లను అడిగారా?

తోకచుక్క

అవి చిన్న ప్యాచ్‌లే. చాలావరకు బగ్ ఫిక్సులు.

పాత_కంపైలర్

చిన్నవే అయినా మీవి కావు కదా. జీపీఎల్ కింద ఇచ్చినవాటిని మీ కొత్త లైసెన్స్‌లో పెట్టేశారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది.

షరతులు_వర్తిస్తాయి

నేను మొదటే అడగాల్సిన ప్రశ్న ఇది. రెండు లైన్ల ఫిక్సుకి కాపీరైట్ ఉంటుందా అని వాదించవచ్చు, కానీ పెద్ద ప్యాచ్ ఒక్కటున్నా చాలు. జీపీఎల్ కోడ్‌కి అదనపు నిషేధం తగిలించి పంచడం ఆ లైసెన్స్ ఒప్పుకోదు. పైన చెప్పిన నాలుగో సెక్షన్ ఇప్పుడు వాళ్ల ప్యాచ్‌ల విషయంలో మీకే తగులుతోంది. మీరు రాసిన కోడ్ మీద మీ హక్కు పోదు, కంపెనీని ఇప్పటికీ అడగవచ్చు. కానీ వాళ్ల లాయర్ మీకు రాసే జవాబులో మొదటి పేరా ఇదే అవుతుంది.

నిశాచరి

అమ్మో. నేను నోటీసు అన్నాను కానీ, కాస్త ఆగండి బ్రో.

తోకచుక్క

రాత్రంతా లాగ్ చూస్తూ కూర్చున్నాను. ఏడుగురిలో ఐదుగురివి అక్షరదోషాల్లాంటి మార్పులే. ఒకరిది బఫర్ పొంగకుండా ఆపే ఫంక్షన్. ఇంకొకాయన కుదింపు పద్ధతిలో ఒక భాగమంతా మళ్లీ రాశారు, 200 లైన్ల పైనే. సిగ్గేసింది, ఎందుకంటే కంపెనీ ఫర్మ్‌వేర్‌లో నేను మొదట గుర్తుపట్టింది ఆ భాగాన్నే. ఆయనకు మెయిల్ పెడితే అడ్రస్ లేదని తిరిగొచ్చింది. ఆ లైన్లు తీసేసి నేనే మళ్లీ రాయాలా?

షరతులు_వర్తిస్తాయి

కొత్త లైసెన్స్‌నే ఉంచుకోవాలంటే తీసి రాయాలి. జీపీఎల్ 2కే తిరిగి వెళ్తే ఆయన్ను ప్రత్యేకంగా అడగక్కర్లేదు, ఆయన ఇచ్చింది దాని కిందే కాబట్టి. ఈ మధ్య తప్పు లైసెన్స్‌తో విడుదలైన వెర్షన్లను దించెయ్యండి, కారణం చేంజ్‌లాగ్‌లో రాయండి. కంపెనీకి పెట్టే మెయిల్‌లో మీరు రాసిన ఫైళ్ల పేర్లే ఇవ్వండి, ఆయనవి కలపొద్దు.

తోకచుక్క

వెనక్కి మార్చేశాను. రెండు రిలీజులు దించాను. రీడ్‌మీలో ‘ఓపెన్ సోర్స్’ అన్న మాట అలాగే ఉంచాను, ఇష్యూ తెరిచినాయన కూడా దాన్ని మూసేశారు. మెయిల్‌కి నా ఫైళ్ల జాబితా రాస్తున్నాను. అనుకున్నదానికంటే చిన్నదే వచ్చింది.