గడియారం సర్వీసుకిస్తే గీతలు కూడా తీయించాలా?

ప్రశ్న: హనుమకొండ నుంచి

మిత్రులకు నమస్కారం. మా బాపు దుబాయిలో పదకొండేళ్లు పనిచేసి, 1996లో ఇంటికి తిరిగి వచ్చే ముందు అక్కడే ఒక ఒమేగా సీమాస్టర్ అనే స్విస్ చేతిగడియారం కొన్నారు. నిరుడు ఆయన పోయేదాకా అది ఆయన చేతికే ఉండేది, ఇప్పుడు నా దగ్గరికి వచ్చింది. రోజుకు నాలుగైదు నిమిషాలు వెనకబడుతున్నందున హైదరాబాదులో ఒక సర్వీసు కేంద్రంలో ఇచ్చాను. వారు పంపిన అంచనా పత్రంలో ఓవర్‌హాలింగ్‌తో (లోపలి యంత్రమంతా విప్పి బాగుచేయడం) పాటు కేసుకూ (యంత్రం చుట్టూ ఉండే లోహపు ఒరకు) బ్రేస్‌లెట్‌కూ (లోహపు పట్టీకి) పాలిష్ కూడా అదే ధరలో కలిసి ఉంది. వద్దనుకుంటే రాసి పంపమన్నారు.

ఆరు గంటల వైపు ఎడమ కొమ్ము మీద, అంటే పట్టీ బిగించే లగ్గు మీద, సుమారు అర మిల్లీమీటరు లోతు సొట్ట ఒకటి ఉంది. మా ఇంటి ఇనుప గేటుకు తగిలి పడింది. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను. మా తమ్ముడు అన్నీ తీయించి కొత్తదానిలా చేయిద్దామంటున్నాడు, నాకు మనసొప్పడం లేదు. నా మనసు సంగతి పక్కన పెట్టి, గడియారానికి ఏది మేలో తెలిసినవారు చెప్పగలరు.

కరీంనగర్, నగల పనివారు

అన్నా, నేను గడియారాల మనిషిని కాను, మూడు తరాలుగా బంగారం, వెండి పని చేస్తున్న ఇంటివాణ్ని. మా పనిలో తరుగు అనే మాట లేకుండా లెక్క తేలదు. మెరుగు పెట్టిన ప్రతిసారీ ఎంతో కొంత లోహం పోతుంది కాబట్టే బఫ్ చక్రం, అంటే మెరుగు పెట్టే గుడ్డ చక్రం, కింద పడిన దుమ్మును కూడా మేము ఊడ్చి దాచుకుంటాం.

గీత తీయడమంటే గీతను తుడిచేయడమని చాలామంది అనుకుంటారు. గీత అంటే గుంట. గుంట కనబడకుండా పోవాలంటే దాని చుట్టూ ఉన్న మట్టాన్ని గుంట అడుగు దాకా దించాలి. మీ సొట్ట పోవాలంటే ఆ కొమ్ము పై ముఖమంతా అర మిల్లీమీటరు దిగాలి. ఒక్కటే దిగితే వంకరగా కనిపిస్తుంది కనుక తక్కిన మూడు కొమ్ములనూ దానికి సరిపెట్టాలి. ఇక మెత్తటి బఫ్ చక్రం పలకను ఎంత తింటుందో అంచును అంతకంటే ఎక్కువ తింటుంది. కొమ్ము పక్కన ఏటవాలుగా చెక్కిన సన్నని అంచు ఉంటే దాని మీద గోరు పెట్టి జరిపి చూడండి, పలక మారే చోట గోటికి తగులుతుంది. రెండు మూడు సర్వీసుల్లో బాగా రుద్దిన గడియారం మీద గోరు ఎక్కడా ఆగదు, సబ్బు బిళ్ల మీద జారినట్టు జారిపోతుంది. బంగారు కేసుకైతే కొమ్ముల వెనక వేసిన హాల్‌మార్క్ ముద్ర కూడా అరిగిపోతుంది.

మరొక మాట. మా దిక్కు గ్రానైట్ దుమ్ము ఎక్కువ. అందులోని క్వార్ట్జ్ రేణువు గట్టిదనం మోస్ కొలమానంలో 7, గడియారం ముఖం మీది నీలమణి అద్దానిది 9, స్టీలు క్వార్ట్జ్ కంటే మెత్తన. అద్దం నున్నగా ఉండి కేసు మాత్రం గీతలు పడడానికి కారణం అదే. ఈరోజు అద్దంలా మెరిపించిన కేసు మీద కొద్ది నెలల్లోనే మళ్లీ వెంట్రుక గీతలు వస్తాయి. కొద్ది నెలల మెరుపు కోసం తిరిగి రాని లోహాన్ని ఇచ్చుకోవద్దని నా మనవి. మెరుగు పెడతామని ఇంటింటికీ తిరిగి గొలుసు బరువు దించిన మోసగాళ్లను మన ఆడవాళ్లు ఇప్పటికీ వాకిట్లోంచే పంపేస్తారు. సర్వీసు కేంద్రం వారిని ఆ మాట అనడం లేదు, కానీ లోహం పోవడం రెండుచోట్లా నిజమే.

వరంగల్ చౌరస్తా, గడియారాల మరమ్మతు

పై సోదరుడు చెప్పింది బంగారానికి అక్షరాలా నిజం. స్టీలు దగ్గర నాది కొంత వేరే మాట. గడియారాలకు ఎక్కువగా వాడేది 316ఎల్ అనే రకం తుప్పు పట్టని స్టీలు, రోలెక్స్ వారు 904ఎల్ అనే రకం వాడతారు. రెండూ పైనుంచి కిందిదాకా ఒకే లోహం, పూత కాదు. పనితనం తెలిసినవాడు కేసును పూర్తిగా విప్పి, మెత్తటి చక్రం బదులు చదునైన పలక మీద ఆనించి రుద్దితే అంచులు నిలుస్తాయి. జపాను గడియారాల సంస్థ గ్రాండ్ సీకో వారు జరత్సు అని పిలిచే పని ఆ కోవలోదే, సలాజ్ అనే స్విస్ యంత్రం పేరు జపాను నోట్లో అలా మారింది. లోతు సొట్టను దించనక్కర లేదు, లేజర్ వెల్డింగుతో అదే జాతి లోహం నింపి మట్టం చేస్తారు. కాబట్టి పాలిష్ అంటేనే నష్టమన్న మాటను నేను ఒప్పుకోను.

వద్దని నేనే చెప్పేవి కూడా ఉన్నాయి. క్రోమ్ పూత వేసిన ఇత్తడి కేసున్న పాత హెచ్‌ఎంటీని బఫ్ మీద పెడితే ఇత్తడి బయటపడుతుంది. 10, 20 మైక్రాన్ల బంగారు పూత ఉన్నవాటి గతీ అంతే. నల్లపూత వేసినవాటిని ముట్టుకోనే కూడదు. గల్ఫ్ ఇళ్లలో కనిపించే పాత రాడో డయాస్టార్ గట్టి లోహానికి మామూలు బఫ్ పనికిరాదు.

చివరగా, ఇరవై ఎనిమిదేళ్లుగా చూస్తున్నది చెబుతాను. లోపల వందకు పైగా భాగాలు విప్పి, కడిగి, ఇరుసులు తిరిగే చిన్న కెంపు రాళ్లకు నూనె చుక్కలు పెట్టి ఇస్తే, ఎక్కువమంది కేసు తిప్పి చూసి ‘గీతలు అలాగే ఉన్నాయి, ఏం చేశారు?’ అని అడుగుతారు.

జగిత్యాల నుంచి

అమ్మే ఆలోచన ఉంటే మాత్రం ముట్టుకోకండి. పాత గడియారాలు కొనేవారు ముందు అడిగేది ఇంతకుముందు పాలిష్ పడిందా అనే. 2017 అక్టోబరులో న్యూయార్కు వేలంలో కారు పందేల్లో కూడా పాల్గొన్న అమెరికా సినిమా నటుడు పాల్ న్యూమన్ సొంత గడియారం రోలెక్స్ డేటోనా 1 కోటి 77 లక్షల డాలర్లకు పైగా పలికింది. ఆయన భార్య వెనక మూత మీద ‘జాగ్రత్తగా నడుపు, నేను’ అనే అర్థంలో చెక్కించిన మాటలు అలాగే ఉన్నాయి. వాటిని ఎవరైనా మెరుగు పేరిట రుద్ది ఉంటే ఏమయ్యేదో ఊహించండి.

కాజీపేట నుంచి

చౌరస్తా అన్నగారికి నమస్కారం. పనితనం తెలిసినవాడు చేస్తే అన్నారు. ఆ ‘చేస్తే’ దగ్గరే నాకు దెబ్బ తగిలింది. మా అమ్మ బడి నుంచి పదవీ విరమణ చేసిన రోజు తోటి ఉపాధ్యాయులు చందా వేసుకుని ఒక స్విస్ గడియారం ఇచ్చారు. మూత మీద బడి పేరు, తేదీ చెక్కించారు. రెండేళ్ల కిందట నీరు చేరితే సర్వీసుకిచ్చాను. పాలిష్ గురించి నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. తిరిగి తెచ్చి దీపం కింద పెట్టి చూస్తే, సన్నని గీతలతో మసకగా ఉండాల్సిన బ్రేస్‌లెట్ మధ్య ముక్కలు అద్దంలా మెరుస్తున్నాయి. మూత మీద అక్షరాలు లోతు తగ్గి, తేదీలోని 3, 8 ఒకదానికొకటి తేడా తెలియడం లేదు. అడిగితే ‘అది ఉచితంగానే చేశాం కదమ్మా’ అన్నారు. అమ్మ ఏమీ అనలేదు, మూత మీద బొటనవేలు పెట్టి తడుముతూ కూర్చుంది.

పాలిష్ మంచిదా చెడ్డదా అన్న వాదన కంటే ముందు, అడగకుండా చేయకూడదన్నది నా వాదన. యజమాని నోరు తెరవకపోతే చేసేయడం కాదు, చేయమని సంతకం పెడితేనే చేయడం పద్ధతి కావాలి. నూనె తక్కువైతే మళ్లీ వేయవచ్చు, పోయిన అక్షరాన్ని మళ్లీ చెక్కిస్తే అది వేరే చేతి అక్షరమవుతుంది.

వరంగల్ చౌరస్తా, మళ్లీ

అమ్మా, అది ముమ్మాటికీ తప్పే. చెక్కిన మూతకు నేనైతే టేపు వేసి పక్కన పెడతాను. అడగకుండా చేయకూడదన్న మాటకు నేను పూర్తిగా కట్టుబడతాను, నా రసీదు మీద కూడా ఆ గడి పెట్టిస్తాను.

హనుమకొండ తమ్ముడికి ఒక్క జాగ్రత్త చెబుతాను. గీత వేరు, తుప్పు గుంట వేరు. ఏళ్ల తరబడి చెమట ఉప్పు చేరితే మూత కింద నీరు చొరకుండా ఆపే రబ్బరు గ్యాస్కెట్ కూర్చునే గట్టు మీద చిన్న చిన్న గుంటలు పడతాయి, అప్పుడు కొత్త గ్యాస్కెట్ వేసినా నీరు ఆగదు. ఆ గట్టును బాగుచేయడం అందం కోసం చేసే పని కాదు, దాన్ని వద్దనకండి. ధ్వని తరంగాలతో మురికి వదిలించే అల్ట్రాసోనిక్ కడుగుడునూ వద్దనకండి. గీతలని మనం అనుకునేవాటిలో కొన్ని పేరుకున్న మురికే, అది కడిగితే పోతుంది.

హనుమకొండ, ప్రశ్న వేసినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి అంచనా పత్రం మీద ఇలా రాసి సంతకం పెట్టి పంపాను: ‘కేసుకూ బ్రేస్‌లెట్‌కూ పాలిష్ చేయవద్దు. కడిగితే చాలు. గ్యాస్కెట్ కూర్చునే గట్టు మీద గుంటలుంటే ఫొటో పంపి, నా అనుమతి తీసుకుని బాగుచేయండి. మార్చిన పాత భాగాలన్నీ తిరిగి ఇవ్వండి.’ బ్రేస్‌లెట్ బిగించే కొక్కెం మీద మాత్రం మొదటున్న సన్నగీతల నగిషీని తిరిగి పెట్టమన్నాను. రేపు అది అరిగినా మార్చుకోగలిగిన భాగం కదా అని, తమ్ముడి కోసం ఆ మేరకు ఒప్పుకున్నాను.

చర్చంతా వాడికి చదివి వినిపించాను. మిగతా వాటికి సరేనన్నాడు కానీ, సొట్ట దగ్గర లేజర్ వెల్డింగు మాట ఇంకా వదల్లేదు.