లైబ్రరీ మేడం డ్యూటీలో ఫోన్ పట్టుకుంటే అది పనా, పని ఎగ్గొట్టడమా?

పాతసభ్యుడు_1978 · ఉదయం 6:40
ఊరి పేరు చెప్పను. ఒంగోలుకు దక్షిణంగా హైవే పక్కన ఒక మండల కేంద్రం, అంతవరకు చాలు. మా శాఖా గ్రంథాలయంలో నాకు 1978 నుంచి సభ్యత్వం ఉంది. ఇప్పుడున్న మేడం వచ్చి ఆరేళ్లయింది. మంచి మనిషే, కాదనను. కానీ మూడు నెలలుగా ఆమెకు ఫోన్ పిచ్చి పట్టింది. ఇంటర్ చదివే ఒక పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని వాట్సాప్ గ్రూపనీ ఫేస్‌బుక్ పేజీ అనీ నేర్చుకుంటా ఉంది. మొన్న సాయంత్రం పుస్తకం ఇష్యూ చేయించుకుందామని పోతే ఇరవై నిమిషాలు తలెత్తి చూడలేదు. కొత్త పుస్తకాలు బల్ల మీద పేర్చడం, వెలుతురు చాలలేదని కిటికీ దగ్గరికి మార్చడం, మళ్లీ ఫొటో. అసలు తెరిచి ఉండేదే పొద్దున 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7. అందులో ఈ షూటింగు ఒకటా? మీ ఊళ్లలో ఎట్టా ఉందో చెప్పండి.

ఒంగోలు_గిత్త · 6:52
మా దగ్గర మేడమూ లేదు, ఫోనూ లేదు. తాళం ఉంది.

సింగరాయకొండ_ప్యాసింజర్ · 7:15
పెద్దాయనా, నేను మాత్రం మీ మేడం వైపే. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ పడ్డప్పుడు మా రీడింగ్ రూమ్‌లో కుర్చీ దొరికేది కాదు. మా పల్లె నుంచి తొమ్మిది కిలోమీటర్లు. రెండుసార్లు వెళ్తే గేటుకు తాళం. ఆ రోజు మీటింగంట. ఎవరికి తెలుసు? ఆటోకి పోనూ రానూ అరవై, అదొక పూట భోజనం. ఒక్క మెసేజ్ ఉంటే ఇంట్లోనే చదువుకునేవాణ్ణి. పొద్దున్నే "ఈ రోజు తెరిచే ఉంటుంది" అని పెట్టే లైబ్రేరియన్ దొరికితే కాళ్లకు దండం పెడతా.

రిటైర్డ్_కేటలాగు · 7:48
కావలిలో ఒక కాలేజీ లైబ్రరీలో 31 ఏళ్లు పనిచేసి దిగాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక ఉంటే చదవండి.

మీ మేడం చేస్తున్నది పిచ్చి కాదు, కోర్సు. 2006లో అమెరికాలో షార్లెట్ అనే ఊరి లైబ్రరీలో హెలెన్ బ్లోవర్స్ అనే ఆవిడ తన సిబ్బందికి 23 చిన్న పనులు ఇచ్చింది. బ్లాగు తెరవడం ఒకటి, ఫొటో ఎక్కించడం ఒకటి, అట్లా. క్లాసు లేదు, పరీక్ష లేదు. ఎవరికి వాళ్లు కెలుక్కుంటూ నేర్చుకోవడమే. అన్నీ చేసినవాళ్లకు ఎంపీత్రీ ప్లేయరు బహుమతి. తర్వాత చాలా దేశాల్లో లైబ్రరీలు దాన్ని నకలు చేసుకున్నాయి. అక్కడ సిబ్బందికి పై వాళ్లే పని అప్పజెప్పి నేర్చుకోమన్నారు. ఇక్కడ మీ మేడం ఒక ఇంటర్ పిల్లను పట్టుకుని తనే నేర్చుకుంటోంది. తేడా అంతే.

మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పెద్దదిక్కు రంగనాథన్ గారు కూడా మొదట లెక్కల మాస్టారు. 1924లో మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్ అయ్యాక లండన్ వెళ్లి పని నేర్చుకున్నారు. 1931లో ఆయన ఇచ్చిన అయిదు సూత్రాల్లో అయిదోది, గ్రంథాలయం పెరిగే జీవి అని.

పాతసభ్యుడు_1978 · 8:05
అయిదోది చెప్పారు, నాలుగోది మింగేశారేం సార్? పాఠకుడి సమయం ఆదా చేయమన్నాడు ఆయన. నేను పాఠకుణ్ణి. నా ఇరవై నిమిషాలు ఏమయ్యాయి?

మూడో_బెంచీ · 8:09
ఇరవై కాదు పెద్దాయనా, అయిదు. నేను అక్కడే ఈనాడు చదువుతున్నా.

కొండపి_వేలం · 8:30
ఇంతకీ ఆ ఫోన్ ఎవరిది? రీచార్జి ఎవరు కడతన్నారు?

1960 చట్టం ప్రకారం మన ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను వసూలు చేస్తారు. రసీదు తీసి చూసుకోండి, అందులో ఉంటది. ఆ డబ్బు పంచాయతీ దగ్గర్నుంచి జిల్లా గ్రంథాలయ సంస్థకు పోవాల. ఎంత పోతందో, ఎంత ఆగతందో అడిగేవాడు లేడు. ముందు అది తేల్చండి. పన్ను నేను కడతన్నా. ఫోన్ ఆమెది, పన్ను నాది. ఈ లెక్క ఎక్కడ కుదిరిద్ది?

సింగరాయకొండ_ప్యాసింజర్ · 8:41
అన్నా, చర్చ దాని గురించి కాదు.

కొండపి_వేలం · 8:43
దాని గురించే. రీచార్జి ఎవరు కడతన్నారు?

పాతసభ్యుడు_1978 · 9:10
వేటపాలెం సారస్వత నికేతనం 1918లో పెట్టారు. గాంధీ గారు 1929లో వచ్చి శంకుస్థాపన చేశారు. ఫేస్‌బుక్ చూసి వచ్చారా? పాత పత్రికల కోసం ఇప్పటికీ ఎక్కడెక్కడినుంచో జనం వస్తారు. సరుకుంటే మనిషి వెతుక్కుంటా వస్తాడు. ప్రకాశం జిల్లా గర్వంగా చెప్పుకునే లైబ్రరీ అది.

ఒంగోలు_గిత్త · 9:12
2022 నుంచి అది బాపట్ల జిల్లా సార్.

పాతసభ్యుడు_1978 · 9:13
నాకు తెలుసు! జిల్లా మారితే పుస్తకాలు మారతాయా?

పెరటి_మందారం · 10:20
మాదీ అదే ఊరు, అదే లైబ్రరీ. పేపర్లలో వచ్చే సీరియళ్ల కోసం వెళ్లేదాన్ని. మేడం గ్రూపు పెట్టగానే సంతోషంగా చేరాను. కొత్త నవలలు ఇంట్లోంచే చూసుకుని, వెళ్లి తెచ్చుకోవచ్చు కదా అని. వారం తిరగకుండా ముక్కూమొహం తెలియని నంబర్ల నుంచి "హాయ్", "గుడ్ నైట్ అండీ" మొదలు. గ్రూపులో ఎవరి నంబరైనా అందరికీ కనిపిస్తుంది, అదే తంటా. మావారు చూసి తీసేయమన్నారు, తీసేశాను. ఆడవాళ్లం నలుగురం ఉండేవాళ్లం, నలుగురం బయటికి వచ్చేశాం. మీరంతా మేడం ఫోన్ పట్టుకోవాలా వద్దా అంటున్నారు. మా సంగతి ఎవరికీ పట్టలేదు.

అదే వాట్సాప్ ఛానల్ పెడితే ఈ బాధ లేదు. ఒకరి నంబరు ఒకరికి కనిపించదు. ఈ ముక్క మేడంకి ఎవరైనా చెప్పండి, నాకు మొహమాటం.

రిటైర్డ్_కేటలాగు · 10:44
అమ్మా, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. గ్రూపులో ఇంకో ముప్పు పీడీఎఫ్‌లు. ఎవరో ఒకరు కొత్త పుస్తకం స్కాన్ చేసి పడేస్తారు. రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ల దాకా కాపీరైటు ఉంటుంది. గురజాడ 1915లో పోయారు కాబట్టి ఆయనవి నిశ్చింతగా పెట్టుకోవచ్చు. మొన్న పోయినవాళ్లవి పెడితే లైబ్రేరియన్ తల మీదికి వస్తుంది. అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగు మార్చుకోమనండి.

సింగరాయకొండ_ప్యాసింజర్ · 10:51
సార్, మెటీరియల్ కొనుక్కోలేని పిలకాయలకు ఆ పీడీఎఫ్‌లే దిక్కు. రెండు వేలు పెట్టి గైడ్లు ఎవడు కొంటాడు?

రిటైర్డ్_కేటలాగు · 10:58
దానికే నాయనా లైబ్రరీ. కొనలేని పుస్తకం కొని పెట్టమని అడుగు, దొంగ కాపీ అడగకు.

పాతసభ్యుడు_1978 · 11:30
చూశారా, చూశారా! ఆడపిల్లల నంబర్లు బజారున పడ్డాయి, దొంగ పుస్తకాలు వస్తన్నాయి. నేనన్నది ఇదే. రాని పని నెత్తికెత్తుకుంటే ఇట్టాగే ఉంటుంది. వచ్చిన పుస్తకాల పద్దు, అదే అక్సెషన్ రిజిస్టర్ రాసుకుని, పుస్తకాలకు అట్టలేసుకుని కూర్చుంటే ఈ గొడవ ఉండేదా? నేను పై వాళ్లకు కాగితం పెడుతున్నా. సంతకాలు పెట్టేవాళ్లు చెప్పండి.

మూడో_బెంచీ · 11:36
పెద్దాయనా, ఇక ఊరుకోలేక అంటున్నా. మేడం రాకముందు ఆ లైబ్రరీలో సాయంత్రం ఎంతమంది ఉండేవాళ్లో మీకూ తెలుసు, నాకూ తెలుసు. మీరు, నేను, కరెంటు పోయిన ఫ్యాను. ఇప్పుడు బెంచీ దొరకట్లేదు. అది మీకు కంటగింపు. ఇంకోటి, మీ కోపం ఫోన్ మీద కాదు. అయిదు నెలలుగా పుస్తకం ఇవ్వనివాళ్ల లిస్టు మేడం గ్రూపులో పెట్టారు. అందులో మీ పేరుంది. అసలు మంట అక్కడ. తెచ్చి ఇచ్చేస్తే పోయేదానికి కాగితాలు, సంతకాలు ఎందుకు?

ఒంగోలు_గిత్త · 11:38
అబ్బో.

కొండపి_వేలం · 11:40
అదా సంగతి. ఫైన్ ఎంతయింది?

పాతసభ్యుడు_1978 · 12:25
సరే. దాచడానికి ఏం మిగిలింది.

లిస్టు కాదు అది. రిజిస్టర్ పేజీకి ఫొటో తీసి పెట్టింది. నా పేరు, తీసుకున్న తేదీ, పక్కనే పుస్తకం పేరు. 180 మంది ఉన్నారు ఆ గ్రూపులో. ఆ పుస్తకం ఒక జబ్బు గురించి. ఏ జబ్బో ఇక్కడా చెప్పను. ఇంట్లో ఒకరి కోసం తెచ్చాను. డాక్టరు చెప్పింది సగం అర్థమై సగం కాక, తెలుగులో ఉందని తెచ్చుకున్నా. మళ్లీ మళ్లీ చదివాను. అందుకే ఇవ్వలేదు.

ఫొటో పెట్టిన నాలుగో రోజు మాకు మాటలు నడుస్తున్న సంబంధం వాళ్లు ఫోన్ చేశారు. "మీ ఇంట్లో ఎవరికండీ ఆ జబ్బు?" అని. ఎవరికీ లేదని చెప్పా. అబద్ధం చెప్పా. 71 ఏళ్ల వయసులో. వాళ్లు మళ్లీ ఫోన్ చేయలేదు.

ఫైన్ ఎంతయిందో లెక్కేసుకో నాయనా.

కొండపి_వేలం · 12:31
తెలియక అన్నా. తప్పయింది అన్నా.

పెరటి_మందారం · 12:40
అయ్యో బాబాయ్. ఈ మాట మొదటే చెప్పొచ్చు కదా.

పాతసభ్యుడు_1978 · 12:44
ఎట్టా చెప్పేదమ్మా? ఫొటోలూ టైమూ అంటే చెప్పుకోవచ్చు. ఇది చెప్పుకునేదా?

రిటైర్డ్_కేటలాగు · 1:15
పొద్దుటి నా ఉపన్యాసం పక్కన పెట్టండి. ఇది వేరే విషయం, నా వృత్తికి సంబంధించిన విషయం.

మా రోజుల్లో బ్రౌన్ పద్ధతి ఉండేది. సభ్యుడికి ఎన్ని పుస్తకాలిస్తే అన్ని టికెట్లు, జేబులా ఉండేవి. పుస్తకంలోంచి బుక్ కార్డు తీసి ఆ టికెట్లో దోపి, తేదీ వారీగా ట్రేలో పెట్టేవాళ్లం. పుస్తకం తిరిగి రాగానే కార్డు పుస్తకంలోకి, టికెట్ మనిషి చేతికి. ఇక ఎవరు ఏది చదివారో ఎక్కడా మిగలదు. ఎవరైనా వచ్చి అడిగినా చెప్పలేం. పని తేలికని ఆ పద్ధతి వాడాం, కానీ అది పాఠకుడి గుట్టు కూడా కాపాడిందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. రిజిస్టర్‌లో రాసినప్పుడే గుట్టు సగం పోయింది. ఫొటోతో మిగతా సగం పోయింది. మీ మేడం ఫోన్ నేర్చుకోవడం తప్పు కాదు. ఏది ఫోన్‌లోకి ఎక్కకూడదో ఆ ఇంటర్ పిల్ల నేర్పలేదు. అది మా వాళ్లు నేర్పాల్సింది.

కౌంటర్_వెనక · 3:05
నేనే ఆ లైబ్రేరియన్ని. మధ్యాహ్నం ఒకరు లింకు పంపితే చదివాను. చదివి అరగంట ఊరికే కూర్చున్నాను.

సార్, ఆ పేజీ నేనే పెట్టాను. అరవై మూడు మంది పుస్తకాలు ఇవ్వలేదు. తెలుగులో టైపు చేయడం అప్పటికి నాకు రాదు. ఫొటో తీస్తే తేలిక అనుకున్నా. పుస్తకాల పేర్లు కనిపిస్తాయన్న ఆలోచనే రాలేదు. రాత్రి మా అబ్బాయి చూసి తిడితే వెంటనే డిలీట్ కొట్టాను. అందరికీ డిలీట్ అని ఒకటి, నాకు మాత్రమే డిలీట్ అని ఒకటి ఉంటుందని తెలియదు. నాకు మాత్రమే అన్నది నొక్కాను. నా ఫోన్‌లో పోయింది కాబట్టి అందరి ఫోన్లలో పోయిందనుకున్నా. గ్రూపులో ఇంకో అడ్మిన్ కూడా లేరు. మీరు చెప్పేదాకా అది అక్కడే ఉందని నాకు తెలియదు. మా ఇంట్లో జరిగి ఉంటే నేనూ మీకంటే ఎక్కువే అరిచేదాన్ని.

కానీ ఒక మాట. నేను రాకముందు ఇదే లిస్టు గుమ్మం పక్కన నోటీసు బోర్డుకు అంటించేవాళ్లు. అప్పుడు ఎవరూ అడగలేదు. స్టాక్ వెరిఫికేషన్‌లో పుస్తకం లేకపోతే జవాబు చెప్పాల్సింది నేను. ఎట్లా రాబట్టుకోను?

పాతసభ్యుడు_1978 · 3:20
బోర్డు మీద సభ్యత్వం నంబరే ఉండేది. పేర్లు లేవు.

మూడో_బెంచీ · 3:22
పేర్లు కూడా ఉండేవి.

పాతసభ్యుడు_1978 · 3:23
లేవు.

మూడో_బెంచీ · 3:24
మా నాన్న పేరు నేను చదివా పెద్దాయనా. రెండుసార్లు.

పాతసభ్యుడు_1978 · 3:31
ఉంటే ఉండనీ. పుస్తకం పేరు లేదు. బోర్డు చూసేది పదిమంది, అదీ లోపలికి వచ్చి. వాన పడితే కాగితం ఊడిపోయేది. ఇది ఎక్కడికి పోయిందో, ఎవరి ఫోన్‌లో ఉందో, ఎప్పటిదాకా ఉంటుందో మీరు చెప్పగలరా మేడం?

కౌంటర్_వెనక · 3:50
చెప్పలేను సార్.

సింగరాయకొండ_ప్యాసింజర్ · 4:02
మేడం, గ్రూపు మాత్రం తీసేయొద్దు. మీ దగ్గర తీసేస్తే మా దగ్గర ఎప్పటికీ పెట్టరు.

కౌంటర్_వెనక · 7:20
ఇప్పుడే తాళం వేసి వచ్చాను. కొత్త పుస్తకాలు, సెలవులు, పరీక్షల పుస్తకాలు ఇకనుంచి ఛానల్లో పెడతాను. ఎలా తెరవాలో ఆ పిల్ల రేపు ఇంటికొచ్చి చూపిస్తానంది. మందారం గారూ, మీరు ఎవరో నాకు తెలిసింది, మీ స్నేహితులకు కూడా చెప్పండి. పుస్తకం ఇవ్వనివాళ్లకు ఎవరికి వాళ్లకే ఫోన్ చేస్తాను. అరవై మూడు మందికి చేయాలంటే కౌంటర్ దగ్గర ఫోన్ చెవికి పెట్టుకునే ఉండాలి. అది చూసి మళ్లీ ఇట్లాంటి చర్చ పెట్టకండి.

సార్, మీ పుస్తకం ఇంకో నెల ఉంచుకోండి. నేను రెన్యూవల్ రాస్తాను.

పాతసభ్యుడు_1978 · 7:34
అక్కర్లేదు. చదవడం అయిపోయింది. రేపు తెచ్చి ఇస్తా.

కౌంటర్_వెనక · 7:36
రేపు శుక్రవారం సార్. సెలవు.

పాతసభ్యుడు_1978 · 7:41
శనివారం తెస్తా. రిజిస్టర్‌లో నా వరస నా ఎదురుగా కొట్టేయండి. పుస్తకం పేరు కనపడకుండా కొట్టేయండి.

కొండపి_వేలం · 7:58
అంతా బాగుంది మేడం. ఆ రీచార్జి మాత్రం మీ జేబులోంచేనా?