టొరెంటు డౌన్‌లోడ్లను వేరే ఊరి నుంచి బ్రౌజరులో చూసుకోవడం ఎలా?

ఓరుగల్లు పాఠకుడు:

అందరికీ నమస్కారం. మా ఇల్లు హనుమకొండలో ఉంది. ఉద్యోగరీత్యా నేను వారమంతా గోదావరిఖనిలో ఉంటాను. రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయంలో పుస్తకాలు చదువుతూ పెరిగిన మా నాన్నగారు ఇప్పుడు బయటికి ఎక్కువగా వెళ్లలేకపోతున్నందువల్ల, ఇంటర్నెట్ ఆర్కైవులో ఉన్న పాత తెలుగు పుస్తకాల స్కాన్లను టొరెంటు (ఫైలును ముక్కలుగా, దాన్ని పంచుతున్న ఇతరుల కంప్యూటర్ల నుంచి తెచ్చే పద్ధతి) ద్వారా దింపి, ఆయన టాబ్లెట్‌లో చదువుకునేలా ఏర్పాటు చేశాను. ఇందుకోసం ఇంట్లో ఒక రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు మీద, మానిటరు అవసరం లేని క్యూబిట్‌టొరెంట్ నాక్స్ అనే టొరెంటు ప్రోగ్రాం నడుస్తోంది. ఫైళ్లు దానికి తగిలించిన హార్డ్ డిస్కులోకి దిగుతాయి.

ఇంటి వైఫైలో ఉన్నప్పుడు బ్రౌజరులో 192.168.1.20:8080 అని కొడితే వెబ్ పేజీ వెంటనే తెరుచుకుంటుంది. గోదావరిఖని నుంచి మాత్రం, రౌటరులో 8080 పోర్టును ఫార్వర్డ్ చేసిన (అంటే ఆ పోర్టుకు బయటి నుంచి వచ్చే కనెక్షన్లను ఆ కంప్యూటరుకు పంపమని చెప్పిన) తరువాత కూడా తెరుచుకోవడం లేదు. దీనితోపాటు, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కొన్ని టొరెంట్ల పక్కన ‘మిస్సింగ్ ఫైల్స్’ అని కనిపిస్తోంది, ఎస్‌డీ కార్డు కూడా నిండిపోతోంది. ఈ రెండింటికీ పరిష్కారం తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

కాజీపేట జంక్షన్:

పాఠకుడు గారూ, ముందుగా రౌటరు స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (ఇంటర్నెట్ కంపెనీ మీ రౌటరుకు ఇచ్చిన చిరునామా) ఎంత ఉందో చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలయ్యే సంఖ్య అయితే మీ కనెక్షను సీజీనాట్ వెనుక ఉన్నట్టే. అంటే ఒకే పబ్లిక్ ఐపీని ఎంతోమంది చందాదారులు పంచుకుంటున్నారు కాబట్టి, మీ రౌటరులో ఎన్ని పోర్టులు ఫార్వర్డ్ చేసినా బయటి నుంచి వచ్చే కనెక్షను మీ ఇంటిదాకా చేరదు.

నిజానికి ఆ పోర్టు తెరుచుకోకపోవడమే మంచిదైంది. క్యూబిట్‌టొరెంట్‌లో డౌన్‌లోడ్ పూర్తికాగానే మరో ప్రోగ్రాంను నడిపించే సదుపాయం ఉంది. అందువల్ల వెబ్ పేజీలోకి చొరబడినవాడు టొరెంట్లను తొలగించడంతో ఆగడు, ఆ యంత్రం మీద తనకు కావలసిన ప్రోగ్రాంను నడపగలడు. గతంలో అందరికీ ఒకే పాస్‌వర్డ్, ‘అడ్మిన్‌అడ్మిన్’, ఉండేది. 2023లో వచ్చిన 4.6.1 వెర్షను నుంచి దాన్ని తీసేసి, మీరు సొంత పాస్‌వర్డ్ పెట్టేవరకు, ప్రోగ్రాం మొదలైన ప్రతిసారీ లాగ్‌లో (అది రాసుకునే చిట్టాలో) ఒక తాత్కాలిక పాస్‌వర్డ్ ఇస్తున్నారు. మీది అంతకంటే పాతదైతే ఈ రోజే పాస్‌వర్డ్ మార్చండి. వెబ్ యూఐ (వెబ్ పేజీ) సెట్టింగుల్లో యూపీఎన్‌పీ ద్వారా, అంటే ప్రోగ్రామే రౌటరును అడిగి, పోర్టు తెరిచే టిక్కు ఉంటే తీసేయండి.

మీ అవసరానికి టెయిల్‌స్కేల్ అనే ప్రోగ్రాం సరిపోతుంది. దీన్ని రాస్‌బెర్రీ పై మీద, మీ ఫోనులో ఇన్‌స్టాల్ చేసి ఒకే ఖాతాతో లాగిన్ అయితే, రెండింటి మధ్య వైర్‌గార్డ్ పద్ధతిలో గుప్తీకరించిన దారి ఏర్పడుతుంది; సీజీనాట్ ఉన్నా పనిచేస్తుంది, రౌటరును ముట్టుకోనక్కర లేదు. ఆ తరువాత టెయిల్‌స్కేల్ మీ రాస్‌బెర్రీ పైకి కేటాయించిన చిరునామా చివర :8080 చేర్చి బ్రౌజరులో తెరవండి. ఆ చిరునామా కూడా 100తోనే మొదలవుతుంది కాబట్టి దాన్ని మీ ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన వాన్ ఐపీగా పొరబడవద్దు.

జమ్మికుంట లైనక్స్:

రెండో సమస్యకు కారణం డిస్కు ఆలస్యంగా మౌంటు కావడమేనని (దాని ఫోల్డరుకు జతకావడమేనని) నా అభిప్రాయం. కరెంటు వచ్చాక రాస్‌బెర్రీ పై త్వరగా లేస్తుంది. హార్డ్ డిస్కు తిరగడం మొదలై సిద్ధమయ్యేలోపే క్యూబిట్‌టొరెంట్ నడవడం ప్రారంభిస్తే, డిస్కు ఉండవలసిన చోట దానికి ఖాళీ ఫోల్డరు కనిపిస్తుంది. పాత ఫైళ్లు లేవని చెబుతుంది, కొత్తగా దిగేవాటిని ఎస్‌డీ కార్డులోనే రాస్తుంది.

ఈ స్థితిలో కంగారుపడి, ఉన్న ఫైళ్లను మళ్లీ సరిచూసే ‘ఫోర్స్ రీచెక్’ నొక్కవద్దు. డిస్కు లేకుండా రీచెక్ చేస్తే అన్నీ సున్నా శాతానికి పడిపోయి, మొత్తం మళ్లీ కార్డులోకి దిగడం మొదలవుతుంది. ముందు క్యూబిట్‌టొరెంట్‌ను ఆపి, ఆ ఫోల్డరులో కార్డు మీద పేరుకున్న ఫైళ్లను వేరేచోటికి తరలించి, డిస్కును మౌంటు చేసి, అప్పుడు రీచెక్ చేయండి. టొరెంటులోని ప్రతి ముక్కకూ ఒక హ్యాష్ (ముక్క సరిగ్గా ఉందో లేదో తేల్చే గుర్తు) ఉంటుంది కాబట్టి, డిస్కులో సరిగ్గా ఉన్న ముక్కలను అలాగే ఉంచి, కరెంటు పోయినప్పుడు చెడిన ముక్కలను మాత్రమే తిరిగి తెచ్చుకుంటుంది. రాస్‌బెర్రీ పై మీద దీనికి చాలాసేపు పడుతుంది, ఓపిక పట్టండి.

ఇది మళ్లీ జరగకుండా, లైనక్స్‌లో ప్రోగ్రాంలను మొదలుపెట్టే సిస్టమ్‌డీకి చెందిన క్యూబిట్‌టొరెంట్ సర్వీసు ఫైలులో ‘రిక్వైర్స్ మౌంట్స్ ఫర్’ (RequiresMountsFor=) అనే వరుసను చేర్చి, మీ డిస్కు దారిని అందులో రాయండి. డిస్కు మౌంటు కానిదే సర్వీసు మొదలుకాదు. డిస్కు లేనప్పుడు కనిపించే ఆ ఖాళీ ఫోల్డరుకు రాసే అనుమతి తీసేస్తే ఇంకా భద్రం. డిస్కుకు విడిగా కరెంటు ఇచ్చే యూఎస్‌బీ హబ్బు, రౌటర్లకు పెట్టే చిన్న యూపీఎస్ కూడా కొనండి. మన దగ్గర ఎండాకాలం గాలిదుమారాలకు కరెంటు ఎన్నిసార్లు పోతుందో మీకు తెలియనిది కాదు.

ఓరుగల్లు పాఠకుడు:

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. వాన్ ఐపీ 100.72తో మొదలవుతోంది. టెయిల్‌స్కేల్ పెట్టాక ఇక్కడి నుంచే పేజీ తెరుచుకుంది, సర్వీసు ఫైలునూ మార్చాను. మరో సందేహం: పోర్టు ఫార్వర్డ్ కానప్పుడు డౌన్‌లోడ్లు నెమ్మదిస్తాయా? నాన్నగారికి కూడా ఈ వెబ్ పేజీ ఇవ్వవచ్చా?

కాజీపేట జంక్షన్:

వెబ్ పేజీ పోర్టు వేరు, ఇతర పీర్లు (అదే టొరెంటును పంచుకుంటున్నవారు) మిమ్మల్ని చేరుకునే పోర్టు వేరు. ఆ రెండోది మూసి ఉన్నా మీ వైపు నుంచి మీరు పీర్లను చేరుకోగలరు కాబట్టి డౌన్‌లోడ్ ఆగదు. కాకపోతే మీలాగే పోర్టు మూసి ఉన్న పీర్లతో కలవడం కష్టం, సీడింగ్ (మీ దగ్గరి ఫైళ్లను ఇతరులకు పంచడం) తగ్గుతుంది. ఇంటర్నెట్ ఆర్కైవు టొరెంట్లలో వెబ్ సీడ్ ఉంటుంది కనుక, పీర్లు ఒక్కరూ లేని పుస్తకం కూడా వారి సర్వరు నుంచి నేరుగా దిగుతుంది. మీ నాన్నగారు చదివే వేళల్లో నెట్ మందగించకుండా, షెడ్యూలరులో పగటిపూటకు అప్‌లోడ్ వేగ పరిమితి పెట్టండి.

ఆయనకు వెబ్ పేజీ అవసరం లేదనుకుంటాను. పుస్తకాల ఫోల్డరును, ఇంటి నెట్‌వర్కులో ఫైళ్లను పంచే సాంబా ద్వారా చదవడానికి మాత్రమే వీలుండేలా పంచితే, పొరపాటున చెయ్యి తగిలి ఏదైనా తొలగిపోతుందన్న భయం లేకుండా టాబ్లెట్‌లోనే తెరుచుకుంటారు.