కళింగపట్నం ఇసుకలో దొరికిన ఖాళీ గుల్లకు ప్రజాతి (జీనస్) పేరు రాయొచ్చా?

వంశధార ఒడ్డు:
కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే చోట, పోటు గీత మీద పేరుకున్న ఇసుకని 0.5 మి.మీ. జల్లెడలో కడిగితే ఈ గుల్ల దొరికింది. తెల్లగా, నున్నగా, సూదిలా నిటారుగా ఉంది. పొడవు 4.2 మి.మీ., చుట్లు ఎనిమిది. జీవుల ఫొటోలు పెట్టి పేర్లు తేల్చుకునే ఐనాచురలిస్ట్‌లో యూలిమా అనే నత్త ప్రజాతి అని పెట్టాను. ఒకరు వచ్చి పిరమిడెల్లిడే కుటుంబానికి మార్చారు, ఇంకొకరు ‘నత్తలు’ అని ఆపేశారు. శ్రీకాకుళం, విజయనగరం తీరాల జాబితాలో దీన్ని ఏమని రాయాలి? నా మటుకు యూలిమానే. ఇంత నునుపు ఇంక వేటికి ఉంటుంది?

కోనాడ గవ్వ:
సిర్నోలాకి ఉంటుంది. అదే ఇక్కడ చిక్కు. యూలిమా ఉండే యూలిమిడే కుటుంబం నత్తలు సముద్ర నక్షత్రాలు, సముద్ర దోసకాయల లాంటి కంటకచర్ముల మీద బతుకుతాయి. పిరమిడెల్లిడేవి ఆల్చిప్పలు, గొట్టం పురుగుల ఒంట్లోకి సన్నటి ముల్లు దించి రసం పీలుస్తాయి. సిర్నోలా ఈ రెండో కుటుంబానిదే, కానీ పైకి అచ్చం యూలిమాలాగే ఉంటుంది.
తేడా తెలిసేది కొన దగ్గర, నోటి లోపల. పిరమిడెల్లిడేలో పిల్లగుల్ల, అంటే నత్త పిల్లగా ఉన్నప్పటి మొదటి చుట్లు, ఎడమకు చుట్టుకుంటుంది, ఆ తర్వాతి చుట్లు కుడికి తిరుగుతాయి. అందుకే కొన మీద చిన్న బొడిపె పక్కకి ఒరిగి కనిపిస్తుంది. యూలిమాలో పిల్లగుల్ల కూడా అదే ఇరుసు మీద ఉంటుంది. ఇక నోటి లోపల, నడిమి స్తంభం మీద సిర్నోలాకి ఒక మడత ఉంటుంది, యూలిమాకి ఉండదు. మీ ఫొటోలో కొన అరిగి మొద్దుబారింది, నోట్లో నీడ తప్ప ఏమీ లేదు. దాన్ని బట్టి కుటుంబం కూడా తేలదు.

బారువ కుర్రోడు:
అన్నా, ఆ మడత కనిపించాలంటే ఏటి చెయ్యాలి? ఫోనుకి తగిలించే లెన్స్ చాలదా?

కోనాడ గవ్వ:
చాలు తమ్ముడూ, గుల్లను నిలబెట్టడంలోనే ఉంది పని. ముందు నీళ్లలో నానబెట్టి నోట్లో ఇసుక వదిలించు, తర్వాత పూర్తిగా ఆరనివ్వు. తడి మెరుపులో మడత కనపడదు. పటకారు వాడకు, పెదవి విరిగిపోతుంది. తడి కుంచె కొసతో ఎత్తి, నల్ల కాగితం మీద చిటికెడు మైనంలో నోరు పైకి ఉండేలా గుచ్చు. కొన నీకు ఎదురుగా, అవతలికి ఉంటే నోరు కుడి పక్కకి వస్తుంది. వెలుతురు కుడి నుంచి ఏటవాలుగా పడాలి. గుల్లను ఇరుసు మీద కొంచెం కొంచెం తిప్పుతూ ఫొటోలు తియ్యి. మడత లోతుగా ఉంటే నేరుగా చూసినప్పుడు దొరకదు. కొనకి పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి.

సిక్కోలు చేపలు:
నత్తలు, ఆల్చిప్పల పేర్ల జాబితా మొలస్కాబేస్‌లో పేరు వెతికితే అయిపోతుంది కదండీ.

కోనాడ గవ్వ:
ఆ పేరు ఇప్పుడు చెల్లుతుందో లేదో మొలస్కాబేస్ చెబుతుంది. మన చేతిలో ఉన్న గుల్ల ఆ పేరుదో కాదో చెప్పదు.

వంశధార ఒడ్డు:
ఎప్పుడూ ఇదే వరస. నేను పెట్టిన ప్రతి చిన్న గుల్లనీ ఎవరో ఒకరు వచ్చి పై మెట్టుకి నెట్టేస్తారు. ఇంతకంటే అన్యాయమైన ఫొటోకి పక్క దేశంలో ఇద్దరు సరే అంటే పేరు తేలిందనే ముద్ర, అదే రీసెర్చ్ గ్రేడ్, వచ్చేస్తుంది. మన తీరానికి వచ్చేసరికే మీకు మడతలు గుర్తొస్తాయా?

కోనాడ గవ్వ:
ఆ ఇద్దరు సరే అనడమే అసలు జబ్బు. ఒకరు యాప్ సూచన నొక్కుతారు, రెండోవారు మొదటివారిని చూసి నొక్కుతారు. రికార్డు ప్రపంచ జీవుల రికార్డులన్నీ చేరే జీబిఫ్‌కి వెళ్లిపోతుంది. మూడింట రెండు వంతుల కంటే ఎక్కువ మంది ఒప్పుకోవాలన్నది అక్కడి నియమం కాబట్టి, రెండు తప్పు ఓట్ల మీద సరైన పేరు నిలవాలంటే ఐదుగురు కావాలి. ఇంత చిన్న గుల్లలు చూసేవాళ్లు ఐదుగురు ఎక్కడ దొరుకుతారు?

వంశధార ఒడ్డు:
అంటే యాప్ చూసి నొక్కేవాణ్నని నన్నేనా అంటున్నది? మాట చూసుకోండి మాస్టారూ.

పూసపాటిరేగ శంఖం:
ఇద్దరూ కాస్త ఆగండి. అది ఖాళీ గుల్ల. పేరు తేలినా సరే, ఆ నత్త ఇక్కడ బతికిందని ఎలా అంటాం?

కోనాడ గవ్వ:
నా అభ్యంతరం అదేనమ్మా. ఈ తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. గుల్ల దానితో పాటే కొట్టుకొస్తుంది, నది అడుగున పాత మట్టిలోంచి కూడా తేలొచ్చు. పరాన్నజీవి ఉందంటే అది ఆధారపడి బతికే జీవి, అంటే ఆతిథేయి, ఉండాలి. అది చూపకుండా పటంలో చుక్క పెడితే అబద్ధం రాసినట్టే.

వంశధార ఒడ్డు:
నాకు రికార్డంటే ‘ఇది ఇక్కడ దొరికింది’ అని, అంతే. మూలపేటలో పోర్టు పని 2023లో మొదలైంది. బతికిన నత్తా, దాని ఆతిథేయీ కలిసి దొరికేదాకా ఆగుదామంటే ఈలోగా తీరమే మారిపోతుంది. ఖాళీ జాబితా చూసినవాడు ఇక్కడ ఏమీ లేవనే అనుకుంటాడు. ఆ నష్టం మీ లెక్కలోకి రావడం లేదు.

కోనాడ గవ్వ:
వస్తోంది, అందుకే బతికినవి వెతకమంటున్నాను. ఆల్చిప్పల్ని వాటి చోటి నీళ్లతోనే తెల్ల పళ్లెంలో కదలకుండా ఉంచండి. చిప్ప నోరు తెరిచాక అంచు చూడండి, పిరమిడెల్లిడే అక్కడే కూర్చుంటుంది. కదిపితే రాలిపోతుంది, కనుక కడిగిన నీళ్లు కూడా జల్లెడ పట్టాలి. దొరికినదాన్ని నేరుగా ఆల్కహాల్‌లో వేస్తే మూత బిగించుకుంటుంది, మందు లోపలికి పోక ఒళ్లు కుళ్లిపోతుంది. లీటరు మంచినీటికి 73 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ కలిపి, దానికి సమానంగా సముద్రపు నీరు పోసి అందులో ఉంచండి. ఒళ్లు సడలి బయటికి వచ్చాక ఫొటో తీసి, డీఎన్ఏ కోసమైతే 95 శాతం ఆల్కహాల్‌లోకి మార్చండి. ఫార్మలిన్ వద్దు. ఆమ్లం తిరిగితే ఇంత పలచటి గుల్ల కరిగిపోతుంది. చీటీ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వెయ్యాలి, ఆతిథేయి పేరుతో సహా.

వంశధార ఒడ్డు:
ఆ పద్ధతి మంచిదే, చేద్దాం. ఖాళీ గుల్లల్ని జాబితాలోంచి తీసేస్తే మాత్రం ఒప్పుకోను.

పూసపాటిరేగ శంఖం:
బతికినదానికి నిండు చుక్క, ఖాళీ గుల్లకి బోలు చుక్క పెడదాం. ఆతిథేయికి వేరే గడి.

కోనాడ గవ్వ:
బోలు చుక్కకి సరే. దాని పక్కన ‘పిరమిడెల్లిడే లేదా యూలిమిడే’ అనే రాయండి. ప్రజాతి పేరు కొన చెక్కుచెదరని గుల్ల దొరికాకే.

వంశధార ఒడ్డు:
కొన పోయినా నోట్లో మడత కనిపిస్తే? అప్పుడు కుటుంబమైనా తేలినట్టే కదా, ఆ ‘లేదా’ ఎందుకు? గుల్ల ఆరాక తిప్పి తీసిన ఫొటోలు ఇక్కడే పెడతాను. మడత ఉంటే ఆ మాట కొట్టేస్తానని ముందే చెప్పండి.