మందు కూరే తుపాకీ కిట్లు: సీఎన్‌సీ చెక్కిన స్టాక్ మేలా, చేత్తో చెక్కుకోవడమా?

పెన్సిల్వేనియా_తెలుగోడు

అందరికీ నమస్కారం. హారిస్‌బర్గ్ పక్కన ఉంటున్నాను. ఈ రాష్ట్రంలో క్రిస్మస్ వెళ్ళిన మర్నాడు ఫ్లింట్‌లాక్ జింకల సీజన్ మొదలవుతుంది. 1974లో పెట్టారు దాన్ని. మూతి వైపు నుంచి మందూ గుండూ కూరి, చెకుముకి రాయితో నిప్పు పుట్టించే పాతకాలపు తుపాకీయే పట్టుకెళ్ళాలి. వేట సంగతి అలా ఉంచండి, నా మనసు పడింది ఆ తుపాకీ చెక్క మీద. లాంకాస్టర్ చుట్టుపక్కల జర్మన్ వలసదారులు 18వ శతాబ్దంలో చేసిన లాంగ్‌రైఫిళ్ళను మ్యూజియంలో చూసినప్పటి నుంచీ ఒకటి నేనే చేసుకోవాలని ఒకటే గుల.

తేలనిదల్లా ఎక్కడ మొదలుపెట్టాలన్నదే. కిబ్లర్ కంపెనీ వాళ్ళ లాంటి కిట్లలో (విడిభాగాలు కొని మనం బిగించుకునేవి) స్టాక్ మొత్తాన్ని, అంటే గొట్టాన్ని మోసే చెక్క భాగాన్ని, కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ యంత్రమే చెక్కి పంపుతుంది. పాత తరహా కిట్లలో పైపైన రూపం వచ్చి ఉంటుంది, మిగతా చాకిరీ మనదే. మూడోది ముడి పలక కొనుక్కుని మొదట్నుంచీ చెక్కుకోవడం. నాకు వడ్రంగం అంతంతమాత్రం, పుస్తకాల అరలు, ఒక దేవుడి మందిరం చేసిన చెయ్యి. కిట్ కొంటే "నేనే చేశాను" అని చెప్పుకోవచ్చా లేదా అన్న బెంగ లేదు. ఏం నేర్చుకోకుండా పోతానో తెలియాలి. చేసినవాళ్ళు చెప్పండి.

చిత్రిక

తమ్ముడూ, నేను ఒహాయోలో ఉంటాను. మూడు రకాలూ చేశాను కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను.

ముందుగా ఒక భ్రమ తీసేసుకో. "ముడి పలక నుంచి చేశాను" అని చెప్పుకునేవాళ్ళలో చాలామంది ఆ పలకను ముందు ఒక షాపుకి పంపి, గొట్టం కూర్చునే గాడి, కూరుడు కడ్డీ దూరే రంధ్రం యంత్రం మీద తీయించుకుంటారు. దాన్ని ఎవరూ తప్పు పట్టరు. ఆ రంధ్రం సంగతి తెలిస్తే ఎందుకో అర్థమవుతుంది. గొట్టం పొడుగు నలభై అంగుళాలు దాటుతుంది. దాని కిందే కడ్డీ పోవాలి. ముందు సగం తెరిచిన గాడే, వెనక సగం మాత్రం చెక్క లోపల గుడ్డిగా పోతుంది. అంత పొడుగు డ్రిల్లు చెక్కలో గ్రెయిన్ (నార) ఎటు లాగితే అటు పోతుంది. కొంచెం పైకి పోయిందా, గొట్టం గాడిలోకి తేలుతుంది. కిందకి పోయిందా, స్టాక్ అడుగున బయటపడుతుంది. ఎన్నో గంటల పని అక్కడితో పొయ్యిలోకే.

గొట్టం గాడి కూడా తక్కువదేం కాదు. మంచి లాంగ్‌రైఫిల్ గొట్టం వెనక లావుగా ఉండి, పోనుపోను సన్నబడి, మూతి దగ్గర మళ్ళీ కొంచెం ఉబ్బుతుంది. పైగా ఎనిమిది పలకలది. చూపుకి ఆ వంపు అంతగా కనిపించదు గానీ ఉలి పట్టుకున్నవాడికి నరకం. సీఎన్‌సీకి అదీ ఒకటే, తిన్నని గాడీ ఒకటే.

ఇక సీఎన్‌సీ కిట్‌లో నిజంగా మనకు ముట్టేది రూపం. కొత్తవాళ్ళు పలక నుంచి చేసిన తుపాకీని పది అడుగుల దూరం నుంచే పట్టేయొచ్చు, లావుగా ఉంటుంది. తీసిన చెక్క తిరిగి రాదని భయపడి వదిలేస్తారు. అసలు పాత తుపాకీలు చూడు, గొట్టానికి అటూ ఇటూ చెక్క అంగుళంలో ఎనిమిదో వంతు ఉంటే ఎక్కువ. చెయ్యి పట్టుకునే చోట మణికట్టు ఎంత సన్నగా ఉంటుందో చూస్తే విరగదా అనిపిస్తుంది. ఆ సన్నదనాన్ని పుస్తకంలో కొలతలు చూసి నమ్మడం వేరు, చేతిలో పట్టుకోవడం వేరు. అందుకే మొదటిది సీఎన్‌సీ కిట్ చెయ్యమంటాను. రెండోది పలక నుంచి చేసేటప్పుడు ఎక్కడిదాకా తీయొచ్చో నీ చేతికే తెలుస్తుంది.

మరి పోగొట్టుకునేది? మసి పని. లాక్‌నో (చెకుముకితో నిప్పు పుట్టించే భాగం), వెనక ఇత్తడి పట్టానో చెక్కలో దించాలంటే దాని అంచులకి నూనె కలిపిన దీపపు మసి పల్చగా పూసి, గాడి మీద పెట్టి, పైనుంచి చిన్నగా తట్టి తీస్తాం. చెక్కలో ఎక్కడ నల్లచుక్క పడిందో అక్కడే తగులుతోందన్నమాట. ఆ చుక్క వరకే ఉలితో గీకి మళ్ళీ మసి, మళ్ళీ తట్టడం. మొదట రెండు మూడు చుక్కలే పడతాయి. పోనుపోను చుక్కలు పెరిగి, చివరికి గాడి అడుగంతా బూడిద రంగుకి వస్తుంది. అప్పుడు కూర్చున్నట్టు. ఇనుముకీ చెక్కకీ మధ్య వెంట్రుక దూరదు. సీఎన్‌సీ కిట్‌లో ఈ పని నామమాత్రం. వేలితో నొక్కితే సగం దిగిపోయి ఉంటుంది.

బోస్టన్_బాబాయ్

ఇంట్లో ఆవిడ ఒప్పుకుందా అని ముందు అడగాల్సింది. నాకైతే గ్యారేజీలో రంపం పెట్టుకోవడానికే పెద్దమనుషుల పంచాయితీ అయింది.

ఓరుగల్లు_అన్న

మిషన్ దగ్గర నిలబడేటోని మాట గూడ ఇనుర్రి. నేను డెట్రాయిట్ దిక్కు సీఎన్‌సీ షాపుల పనిచేస్త. చిత్రిక అన్న చెప్పింది నిజమే, కానీ మిషన్ చెక్కిందంటే అండ్ల మనిషి చెయ్యి లేదనుకుంటే తప్పు. ఆ రూపం ఎక్కడికెల్లి వచ్చింది? తుపాకీలు చేసి చేసి చెయ్యి తిరిగినోడు ఒకడు, ఏ వంపు ఎక్కడ మొదలుగావాలె, ఎక్కడ ఆగాలె అని తేల్చిండు. మిషన్ ఆయన తేల్చిన దాన్ని మళ్ళ మళ్ళ చేస్తది గంతే.

మిషన్‌కు చేతగానిది ఒకటుంది. కట్టర్ గుండ్రంగ తిరుగుతది కదా, లోపలి మూలను అది చదరంగ తియ్యలేదు. మూల ఆ కట్టర్ ఎంత లావుంటే గంత గుండ్రంగనే మిగుల్తది. అందుకే కిట్లు చేసేటోళ్ళు అయితే ఇనుప ముక్క మూలనే గుండ్రంగ చేస్తరు, లేకుంటే ఆ మూల ఉలితోని తీసుకొమ్మని మనకు ఇడిసిపెడ్తరు. కొత్తోళ్ళు అది చూడక, సుత్తితోని ముక్కను లోపలికి కొడ్తరు. చెక్క చీలుతది. తర్వాత కిట్ మంచిది కాదని ఏడుస్తరు.

ఇంకోటి. చెక్క ఇనుము కాదు, తేమకు ఉబ్బుతది, ఎండకు గుంజుకుంటది. డబ్బా రాంగనే బిగించుడు షురూ చెయ్యకుర్రి. ఇంట్ల పెట్టి కొన్ని వారాలు ఆగుర్రి.

ఆకురాయి

యంత్రం అంటే అన్నీ ఒకటి కాదు. సీఎన్‌సీ రాకముందు నుంచీ ఉన్నవి నకలు యంత్రాలు. ఒక వైపు నమూనా స్టాక్ పెడితే, దాని మీద ఒక చక్రం తడుముతూ పోతుంటే, రెండో వైపు కట్టర్ అదే చెక్కుతుంది. ఇప్పటికీ చాలా కిట్లు అలా వచ్చేవే. నమూనా అరిగినా, పట్టు వదులైనా తేడా మొత్తం చెక్కలోకి దిగుతుంది.

నాకు వచ్చిన స్టాక్‌లో లాక్ గాడి ఉండాల్సిన చోటు కంటే వెనక్కి ఉంది. చూడ్డానికి ఇంతే కదా అనిపిస్తుంది. కానీ గొట్టానికి పెట్టే నిప్పు రంధ్రం లాక్ మీది పళ్ళేనికి సరిగ్గా ఎదురు రావాలి. రాకపోతే పళ్ళెంలో మందు మెరుస్తుంది, లోపలిది అంటుకోదు. పలక మీద చేసేవాడికి ఈ బాధ లేదు. ముందు గొట్టం దించుతాడు, తర్వాత దాన్ని బట్టి లాక్ ఎక్కడో గీసుకుంటాడు. నాకు లాక్ గాడి ముందే తెగి ఉంది కాబట్టి, గొట్టం గాడి వెనక గోడ తీసి గొట్టాన్నే వెనక్కి జరపాల్సి వచ్చింది. దాంతో కింద మేకుల స్థానాలన్నీ మారాయి. అమ్మినవాళ్ళకి రాస్తే "చేతిపని కిట్ కదా, సర్దుకోవాలి" అని జవాబు. పేరు చెప్పను. కొనేముందు ఏ గాళ్ళు ఎంతవరకు తీసి పంపుతారో రాతపూర్వకంగా అడగండి. సగం తీసిన గాడి కంటే అసలు తీయని గాడి నయం.

రాజమండ్రి_తలుపులు

తుపాకీల గురించి నాకేం తెలీదండి, చెక్క గురించి మాత్రం తెలుసు. మాది టేకు తలుపుల షాపు, సీఎన్‌సీ రూటర్ పెట్టి చాలా కాలమైందండి. ఆటోడెస్క్ వాళ్ళు ఆర్ట్‌క్యామ్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను 2018లో ఆపేసినా మేం ఇంకా అందులోనే గీస్తున్నాం. ఊళ్ళో కొత్త ఇళ్ళన్నిటికీ సింహద్వారం మీద లక్ష్మీదేవిది ఒకటే ముక్కండి, ఎందుకంటే ఫైలు ఒకటే!

మూడు అక్షాల మిషన్‌లో బిట్ పైనుంచే దిగుతుంది. ఆకు కిందకి, తీగ కిందకి వంగి తొలిచే పని దానికి రాదు. అందుకని ఆకు చూస్తే చెక్క మీద అంటించినట్టే ఉంటుంది. మిషన్ దిగాక నారలు లేస్తాయి, వాటికి ఉప్పుకాగితం పట్టిస్తాం, దాంతో ఉన్న అంచులు కూడా మొద్దుబారతాయి. డబ్బు పెట్టుకునే పార్టీ వస్తే మా పెద్ద మేస్త్రి ఉలి పట్టుకుని మళ్ళీ ఒకసారి తిరగేస్తాడు. పదునైన ఉలి కోసిన చోట చెక్క మెరుస్తుందండి, పాలిష్ అక్కర్లేదు. ఉప్పుకాగితం పెట్టిన చోట ఆ మెరుపు రాదు. ఆ పాత తుపాకీల మీద నగిషీ ఉంటుందని విన్నానండి, అక్కడ మాత్రం మిషన్ మాట వినకండి.

చిత్రిక

రాజమండ్రి గారు అసలు చోట పట్టుకున్నారు. లాంగ్‌రైఫిల్ మడమ (భుజానికి ఆనే వెనక భాగం) మీద, దవడ ఆనే దిబ్బ వెనక, తీగల నగిషీ ఉంటుంది. ఎత్తు ఎంతనుకున్నారు? అంగుళంలో ముప్ఫైరెండో వంతు, అంతే. చూసేవాళ్ళకి ఎంతో ఎత్తు కనిపించేలా చుట్టూ నేలను పల్లంగా, మెల్లగా కలిపేస్తారు. కిట్ స్టాక్ చివరి కొలతకి వచ్చేసింది కదా, నగిషీకి చెక్క ఎక్కడిది అని అడుగుతారు. తీగని పైకి లేపక్కర్లేదు, చుట్టూ ఉన్నదాన్ని దించితే చాలు.

ఈ స్టాక్‌లకి వాడే కర్లీ మేపుల్ చెక్కకి ఉప్పుకాగితం మీద ఆధారపడకండి. గ్రెయిన్ అలలుగా తిరుగుతుంది కాబట్టి మెత్తటి చోటు ఎక్కువ అరిగి, గట్టి చోటు మిగిలి, ఉపరితలం గతుకులు పడుతుంది. ఉక్కు బిళ్ళతో గీకండి. సీఎన్‌సీ స్టాక్ మీద కట్టర్ నడిచిన జాడలు రంగు వెయ్యని తెల్లచెక్క మీద కనిపించవు. ఇనుము కరిగిన నైట్రిక్ ఆమ్లం పూసి వేడి గాలి చూపిస్తామే, బూడిదపచ్చగా ఉన్న చెక్క కళ్ళముందే ఎర్రగోధుమ రంగుకి తిరుగుతుంది, సరిగ్గా అప్పుడే ఆ జాడలన్నీ దువ్వెన పళ్ళలా తేలతాయి. ఆరుబయట, చేతి తొడుగులు, కళ్ళద్దాలు పెట్టుకునే చెయ్యండి. ముందు తడిగుడ్డతో తుడిచి ఏటవాలు వెలుగులో చూసుకుంటే ఈ గొడవ రాదు.

పాతకాగితాలు

"చేతిపని ఒకప్పటిది, యంత్రం ఇప్పటిది" అన్న లెక్క చరిత్రలో నిలవదు. తుపాకీ స్టాక్‌ను యంత్రంతో చెక్కడం రెండు వందల ఏళ్ళ నాటిది. థామస్ బ్లాంచర్డ్ నకలు లేత్‌కి 1819లో పేటెంట్ వచ్చింది, మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధశాలలో దాన్ని వాడారు. ఆకురాయి గారు చెప్పిన నకలు యంత్రానికి తాత అది. ఆ లేత్‌ని స్ప్రింగ్‌ఫీల్డ్ మ్యూజియంలో ఇప్పటికీ చూడొచ్చు. 1850ల్లో ఇంగ్లండ్‌లోని ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ వాళ్ళు స్టాక్‌లు చెక్కే యంత్రాలను అమెరికా నుంచే తెప్పించుకున్నారు. ఎన్‌ఫీల్డ్ అంటే 1857 పాఠంలో చదువుకున్న పేరే.

లాంకాస్టర్ మేస్త్రీలు కూడా అన్నీ తామే చేసుకోలేదు. లాక్‌లు చాలావరకు ఇంగ్లండ్, జర్మనీల నుంచి దిగుమతైనవి. గొట్టాలు చేసే మిల్లులు వేరే ఉండేవి. వాటిని తెచ్చుకుని చెక్కలో కూర్చి, ఇత్తడి పోసి, నగిషీ చెక్కడం మేస్త్రి పని. ఇవాళ విడిభాగాలు కొని కిట్ చేసేవాడు ఆయనకి మరీ దూరపు చుట్టమేం కాదు. గొట్టం దగ్గర్నుంచి అన్నీ కొలిమి మీద చేసి చూపించిన వాళ్ళూ లేకపోలేదు, వర్జీనియాలో కొలోనియల్ విలియమ్స్‌బర్గ్ గన్‌షాప్‌కి వెళ్తే ఆ సంప్రదాయం కనిపిస్తుంది.

హైటెక్_సిటీ

ఇలాంటిది ఒకటి హైదరాబాద్ తెచ్చుకుని హాల్లో గోడకి తగిలించుకోవచ్చా అన్నా? పాతకాలందే కదా.

పాతకాగితాలు

తేవద్దు. అమెరికా ఫెడరల్ చట్టంలో ఇవి పురాతన ఆయుధాల కింద పోతాయి, అక్కడా రాష్ట్రాన్ని బట్టి నిబంధన మారుతుంది. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం కింద మందు కూరే తుపాకీకి కూడా లైసెన్సు కావాలి. అడవి పందులకని నాటు తుపాకీ దాచుకున్నవాళ్ళ మీద కేసులు పేపర్లలో చూస్తూనే ఉన్నాం. కర్ణాటకలోని కొడగులో కొడవలకి, జమ్మా అనే పాత హక్కుతో భూములున్నవాళ్ళకి మినహాయింపు ఉంది గానీ అది మనకి వర్తించదు.

పెన్సిల్వేనియా_తెలుగోడు

అందరికీ ధన్యవాదాలు. సీఎన్‌సీ కిట్‌కే మొగ్గాను. నగిషీ మాత్రం చేత్తో ప్రయత్నిస్తాను. రెండు ప్రశ్నలు. మసి పని నేర్చుకోవాలంటే ఆ కిట్‌లోనే ఏదైనా దారి ఉందా? నగిషీ సాధన దేని మీద చెయ్యాలి?

చిత్రిక

సాధనకి మేపుల్ ముక్కే తీసుకో, మెత్తటి చెక్క మీద చేస్తే అబద్ధపు ధైర్యం వస్తుంది. ముక్క కూడా మడమలా కొంచెం గుండ్రంగా చేసుకో, చదును పలక మీద వచ్చిన తీగ వంపు మీద రాదు.

మసి పనికి దారుంది. కిట్‌తో వచ్చే చెక్క పెట్టె మూత బదులు ఇత్తడి పెట్టె మూత విడిగా కొనుక్కో. పాత లాంగ్‌రైఫిళ్ళలో మడమ పక్కన గుడ్డముక్కలు దాచుకోవడానికి ఉండేది అదే. యంత్రం దానికి గాడి తీసి పెట్టదు కాబట్టి మొత్తం నువ్వే దించాలి. కిట్ ఆర్డర్ పెట్టేటప్పుడే ఆ చోట చెక్క తీయకుండా పంపగలరేమో అడుగు. మందు సంగతి మర్చిపోకు, నల్ల తుపాకీ మందూ (బ్లాక్ పౌడర్) దాని బదులుగా అమ్మేవీ తప్ప ఈ గొట్టాల్లో ఇంకేదీ పోయకూడదు. చెకుముకికైతే అసలు బ్లాక్ పౌడరే బాగా అంటుకుంటుంది.

ఓరుగల్లు_అన్న

ఉలి నూరుడు ముందు నేర్సుకో తమ్మీ. కిట్ వచ్చేదాక గదే పని.