పొట్ట ఆపరేషన్ తర్వాత పేగు కదలికకు నరానికి కరెంటు: ఇప్పుడే మొదలుపెట్టాలా?

రాత్రి_డ్యూటీ: పొట్ట ఆపరేషన్ అయ్యాక చిన్నపేగు ఒక రోజులో తేరుకుంటుంది, పెద్దపేగుకు రెండు మూడు రోజులు పడుతుంది. కొందరికి అంతకు మించి ఆగిపోతుంది. చెవి గుంటలో క్లిప్పు పెట్టి, చర్మం మీద నుంచే వేగస్ నరానికి (మెదడు నుంచి పేగుల దాకా వెళ్లే నరం) సన్నగా కరెంటు ఇచ్చి చూస్తున్నారు. కోత లేదు, మందు లేదు. వార్డుల్లో మొదలుపెడితే తప్పేంటి?

కొత్త_సభ్యుడు: చెవికీ పేగుకీ ఏం సంబంధం?

రాత్రి_డ్యూటీ: వేగస్ కొమ్మ ఒకటి చెవి చర్మం దాకా వస్తుంది. ఆపరేషన్లో పేగును చేత్తో కదిపితే దాని కండరపొరలో వాపు మొదలవుతుంది. వేగస్‌ను ప్రేరేపిస్తే ఆ వాపు తగ్గడం జంతువుల్లో చూశారు.

కొలత_ముఖ్యం: జంతువుల్లో! మనుషుల్లో జరిగినవి చాలావరకు చిన్న ట్రయల్సే. అందులోనూ గ్యాస్ ఎప్పుడు పోయిందో రోగి చెబితే రాసుకుంటారు. నిద్రలో పోతే? వాంతి లేకుండా అన్నం తినగలగాలి, విరేచనం కావాలి. రెండూ జరిగితేనే లెక్క.

గమ్_నమిలాను: మాకు చూయింగ్ గమ్ ఇచ్చారు. నమిలితే వేగస్ ప్రేరేపణ పొందుతుంది, అదీ వేగస్ పనే అన్నారు.

నాడి: 2013లో హాంకాంగ్ ట్రయల్లో కరెంటుతో పేగు త్వరగా తేరుకుందని ఫలితం వచ్చింది కదా?

కొలత_ముఖ్యం: అది ఎలక్ట్రో ఆక్యుపంక్చర్, అంటే ఒంట్లో సూదులు గుచ్చి వాటికి కరెంటు ఇవ్వడం. లాపరోస్కోపీతో పెద్దపేగు ఆపరేషన్ అయిన 165 మంది. చెవి క్లిప్పుకు అది సాక్ష్యం కాదు.

రాత్రి_డ్యూటీ: నేను చెప్పానా సాక్ష్యమని? మీరు కొలత దగ్గరే ఆగిపోయారు. మా నాన్న ముక్కులో గొట్టం, సీసాలోకి పచ్చటి నీళ్లు, తప్పెటలా బిగిసిన పొట్ట. అడిగితే "దానంతటదే కదులుతుంది, ఆగండి" అన్నారు.

కొలత_ముఖ్యం: నొప్పికి ఏమిచ్చారు?

రాత్రి_డ్యూటీ: మార్ఫిన్. అయితే?

కొలత_ముఖ్యం: మార్ఫిన్ పేగును ఇంకా మందగింపజేస్తుంది. దాన్ని తగ్గించారా? లేపి నడిపించారా? ముందు చేయాల్సినవి అవి.

రాత్రి_డ్యూటీ: ఎవరు నడిపిస్తారండీ? సెలైన్, డ్రెయిన్, యూరిన్ బ్యాగు పట్టుకుని ఒకరిని లేపాలంటే ఇద్దరం కావాలి. రాత్రిపూట వార్డు మొత్తానికి నేనొక్కదాన్నే. అందుకే క్లిప్పు అడుగుతున్నాను!

కొలత_ముఖ్యం: నా భయమూ అదే. క్లిప్పు వస్తే ఆ రెండో మనిషిని ఇక ఇవ్వరు.

రాత్రి_డ్యూటీ: ఇప్పుడు మాత్రం ఇస్తున్నారా? ట్రయల్‌గానైనా పెట్టనివ్వండి.

కొలత_ముఖ్యం: ట్రయలైతే నాకు అభ్యంతరం లేదు. సగం మందికి కరెంటు రాని క్లిప్పు పెట్టాలి, అందరినీ ఒకేలా నడిపించాలి. దానికీ మనుషులు కావాలి. ముందు ఆ పోస్టులు రాయించండి, సంతకం నేనూ పెడతాను.