ఎఫ్-91డబ్ల్యూ వాచీ కొన్నాను, అసలుదేనా? ఎంత గట్టిది?

అందరికీ నమస్తే. మా తమ్ముడు ఇంటర్ హాస్టల్లో ఉంటాడు. అక్కడ ఫోన్ ఉంచుకోనివ్వరు, పొద్దున్నే లేవడానికి అలారం కావాలన్నాడని క్యాసియో ఎఫ్-91డబ్ల్యూ కొన్నాను. 1989లో వచ్చిన మోడల్ ఇప్పటికీ దాదాపు అదే రూపంలో అమ్ముతున్నారంటే డిజైన్‌లో ఏదో బలం ఉన్నట్టే కదా. నాకైతే చాలా నచ్చింది, అంకెలు ఒక్క చూపులో కనిపిస్తాయి, బరువు 20 గ్రాముల చిల్లర, చేతికి ఉన్నట్టే తెలియదు.

కొన్నది మాత్రం ఫుట్‌పాత్ పక్కన చిన్న కొట్లో, అందుకే అనుమానం. కుడి వైపు బటన్ మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే కంపెనీ పేరు రావాలంటారు, వచ్చింది. వెనక స్టీలు మూతకి నాలుగు స్క్రూలు కూడా ఉన్నాయి. కానీ కేసు అంచు వేలికి కొంచెం గరుకుగా తగులుతోంది, లైటు వేస్తే ఎడమ పక్క మాత్రమే బాగా వెలుగుతోంది. ఇది వాడినవాళ్లు చెప్పండి, అన్నింటికీ ఇలాగే ఉంటుందా, లేక నకిలీయా? ఆ బటన్ పరీక్ష ఒక్కటీ నమ్మొచ్చా?

ఇంకోటి, వాడు బకెట్ స్నానం చేసేటప్పుడు, బట్టలు ఉతికేటప్పుడు వాచీ తీయడు. నీళ్లు చిందితే పర్లేదు గానీ, తడిగా ఉన్నప్పుడు బటన్లు నొక్కితే లోపలికి నీరు పోతుందేమోనని నా టెన్షన్. పట్టీ ఎన్నాళ్లకి తెగింది మీకు? తెగితే మామూలు రిపేరు షాపులో దొరుకుతుందా? ఆదివారం వాడిని చూడ్డానికి వెళ్తున్నా, ఆలోపు చెప్తే ఇది ఇవ్వాలో మార్చాలో తేల్చుకుంటాను.